గుండ్లపేట వీసా

గుండ్లపేటకు సరిహద్దు వచ్చిన రోజు పొద్దున్నే దేవిదాసు నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వెళ్లి బల్ల వెనకాల కూర్చున్నాడు. బల్లకు వెనకాల కూర్చోవడానికీ, ముందు నిలబడడానికీ ఎంత తేడా ఉందో దేవిదాసుకు తెలిసినంతగా పేటలో ఎవరికీ తెలియదు. గల్ఫ్‌లో గడిపిన పదేళ్ల పైచిలుకు కాలంలో అతను కట్టిన గోడల కన్నా నిలబడ్డ లైన్లే ఎక్కువ.

గుండ్లపేట దేశం కాదు, సరైన ఊరు కూడా కాదు. ఆర్మూర్ పట్టణం అయిపోయి పసుపు చేన్లు మొదలయ్యే చోట నాలుగు వాడలు, ఒక కమిటీ. మా వైపు కమిటీల సంగతి తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. కోడిమాంసం దుకాణం ఎవరు పెట్టాలి, చెరువులో చేపలు ఎవరు పట్టాలి, అన్నీ కమిటీ వేలం వేస్తుంది. ఎవడైనా ఎదురు మాట్లాడితే జరిమానా. కమిటీకి పోలీసులు లేరు, జైలు లేదు, ఒక మైకు మాత్రం ఉంది. ఆ మైకులో పేరు చదివించుకోవడం కన్నా జైలే మేలని పేటలో అందరి అభిప్రాయం.

సరిహద్దు ఎందుకొచ్చిందంటే, పసుపు తవ్వే రోజులు వచ్చాయి కాబట్టి. తవ్వకానికి ఏటా మహారాష్ట్ర వైపు నుంచి కూలీల ముఠాలు వస్తాయి. చేను గట్టు మీదే డేరా వేసుకుని చకచకా తవ్వేసి పోతాయి. ఈసారి పేట కూలీలకు కోపమొచ్చింది. "మా పని గుంజుకుంటున్నరు, తక్కువకు ఒప్పుకుంటున్నరు, యాడ వడితే గాడ పంటున్నరు" అన్నారు. గల్ఫ్‌లో గుండ్లపేటవాళ్ల గురించి అక్కడివాళ్లు అచ్చం ఇవే మాటలు అంటారు. దేవిదాసుకు కూడా ఎక్కడో విన్నట్టే అనిపించింది గానీ, అప్పటికే అతని చూపు కుర్చీ మీద పడింది.

కమిటీ చైర్మన్ లింగన్నకు ఇది ప్రాణసంకటం. మున్సిపల్ ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి, అతనికి కౌన్సిలర్ కావాలని ఉంది. ఓట్లన్నీ కూలీల ఇళ్లలో ఉన్నాయి. పసుపంతా రైతుల దగ్గర, అందులో పెద్ద వాటా లింగన్న దగ్గరే ఉంది. పేటలో తవ్వేందుకు వయసు కుర్రాళ్లు లేరు, అందరూ దుబాయ్, మస్కట్ పట్టుకుపోయారు. లింగన్న రెండు రోజులు తల పట్టుకుని, మూడో రోజు కమిటీని పిలిచాడు.

"కూలోళ్లు గేటు మూయమంటున్నరు. రైతులు తెరువుమంటున్నరు. ఇద్దరూ మనోళ్లేనాయె. గందుకని మూసినట్టు కనవడే గేటొకటి పెడుదాం. మూయొద్దు, కనవడాలె. గట్లాంటిది యాడన్న ఉంటదా?"

"ఉంటదన్నా. గదాన్నే వీసా అంటరు" అన్నాడు దేవిదాసు.

ఉద్యోగం అతనికే వచ్చింది.

రెండు డ్రమ్ములు, వాటి మీద ఎరుపు తెలుపు పట్టీలు వేసిన వెదురు బొంగు, పైన షామియానా, పక్కన బల్ల. ఇదీ సరిహద్దు. రూల్సు రాసే పని కూడా దేవిదాసుకే పడింది. ఇన్నేళ్లలో తనను ఏడిపించిన రూలు ఒక్కటి కూడా అతను మరిచిపోలేదు. బయటివాడు పేటలోకి రావాలంటే పేటలో ఇల్లున్న మనిషి పూచీ పడాలి, ఆ మనిషి పేరు కఫీల్. ఆధార్ కార్డు కఫీల్ దగ్గరే ఉంచాలి. పేట దాటి బయటికి పోవాలన్నా కఫీల్ ఒప్పుకోవాలి. ఇవిగాక వేలిముద్రలు, మెడికల్. మెడికల్ అంటే నాలుక చూపించి ఒకసారి ఎగరాలి.

ఇంట్లో మాత్రం అతని పరిస్థితి వేరు. ఈ దసరాకు దేవిదాసు ఇక పోనని తిరిగొచ్చేశాడు. భార్య రజని నమ్మలేదు. ఆయన లేని ఇన్నేళ్లూ బీడీలు చుడుతూ, అత్తను చూసుకుంటూ, చేను చేసుకుంటూ వచ్చింది ఆమే. "ఈడ ఉంటనంటే ఉండు. కానీ జూద్దాం, ఈసారి పసుపు నువ్ ఇంటికి తేవాలె. తెస్తే ఉంటవ్. తేకుంటే ఏజెంటు పిలుస్తనే ఉన్నడు, పో" అంది. ఏజెంటు నిజంగానే రోజూ ఫోన్ చేస్తున్నాడు, ఏదో వాచ్‌మెన్ పని ఉందట. దేవిదాసుకు మళ్లీ పోవాలని లేదు. గేటు దగ్గర కూర్చుంటే మొదటి ముఠాను నీ చేనుకే పంపిస్తానని లింగన్న మాటిచ్చాడు. ఇంకేం, పసుపు ఇంటికొచ్చినట్టే అనుకున్నాడు.

మొదటి రోజే వేలిముద్రల దగ్గర బండి ఆగింది. పసుపు తవ్వి తవ్వి వచ్చినవాళ్ల వేళ్ల మీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. ఎంత అద్ది ఒత్తినా కాగితం మీద మచ్చే పడింది. "మిషన్ తీసుకుంట లేదు, రేపు రాండ్రి" అన్నాడు దేవిదాసు గంభీరంగా. మిషన్ ఎక్కడుందని ఎవరూ అడగలేదు. బొంగు కింద నుంచి మళ్లీ బయటికే దూరి వెళ్లిపోయారు.

పాలవాడికి ఎన్నిసార్లయినా వచ్చిపోయే వీసా ఇచ్చాడు. బరాత్‌కు వచ్చిన బ్యాండువాళ్లు వాయించుకుంటూ రాకూడదు గానీ వాయించుకుంటూ పోవచ్చన్నాడు. మేకలకు కఫీల్ ఎవరని అడిగితే మేకలాయన కోపంతో ఊగిపోయాడు. గ్యాస్ బండి డ్రైవరు మెడికల్‌లో ఎగరనని మొండికేసి, సిలిండర్లు గేటు బయటే దింపి పోయాడు. సాయంత్రానికి దేవిదాసు గొంతు బొంగురుపోయింది, మనసు మాత్రం గాల్లో తేలింది.

గేటు తెరవడం మూయడం అసలు వీసాల మీద ఆధారపడలేదు. మార్కెట్లో పసుపు రేటు ఎక్కిన రోజు లింగన్న ఫోన్ చేసి "జర లేపు" అనేవాడు. కూలీల వాడ నుంచి పదిమంది వచ్చి కేకలేసిన రోజు "జల్ది దించు" అనేవాడు. ఒకరోజు రేటూ ఎక్కింది, కూలీలూ వచ్చారు. ఆ రోజు దేవిదాసు బొంగును నడుము ఎత్తుకు లేపి, సాయంత్రం దాకా భుజం మీద మోస్తూ నిలబడ్డాడు. వచ్చిన ముఠాలన్నీ లింగన్న చేనుకే పోయాయి. దేవిదాసు చేనులో ఆకు ఎండి రాలిపోయింది, మన్ను రోజురోజుకూ బిగుసుకుంటోంది. మన్ను బిగిస్తే కొమ్ములు విరుగుతాయి, విరిగిన సరుకును మార్కెట్లో ఎవరూ కన్నెత్తి చూడరు. "అన్నా, నా చేను?" అంటే "నీదే తమ్మీ ఫస్టు, దీని తర్వాత" అనేవాడు లింగన్న.

ఇంతలో కూలీ ఆడవాళ్లు కొత్త గొడవ తెచ్చారు. అసలు బయటోళ్లంటే ఎవరో తేల్చమన్నారు. లింగన్న మైకు అందుకున్నాడు.

"పేటల పుట్టినోడు పేటోడు. పుట్టనోడు బయటోడు. గంతే, ఇందుల డౌట్ లేదు!"

చప్పట్లు మారుమోగాయి. మైకు ముందు నిలబడ్డ మనిషికి ఆలోచించే తీరిక ఎక్కడుంటుంది? దేవిదాసు ఆ మాటను అట్ట మీద పెద్దక్షరాలతో రాసి బొంగుకు వేలాడదీశాడు.

మర్నాడే రజని వచ్చింది. మొగుడు గేటు పట్టుకుని వేలాడితే చేను ఆగదు కదా. ఆమె వేల్పూర్‌లో తల్లిగారింటికి పోయి, అక్కడ తవ్వకం ముగించిన ముఠాను మాట్లాడుకుని, ట్రాలీలో ఎక్కించుకుని తీసుకొచ్చింది. ముఠా మేస్త్రీ రంజిత్ ముందు కూర్చున్నాడు. ఖర్మ కాలి ఆ సమయానికి లింగన్న గేటు దగ్గరే ఉన్నాడు, చుట్టూ పాతికమంది కూలీలు ఉన్నారు.

"లేపు" అంది రజని.

దేవిదాసు చెయ్యి బొంగు దాకా పోయింది. లింగన్న దగ్గాడు. చెయ్యి వెనక్కి వచ్చింది.

"ఎక్కడ పుట్టినరు?" అన్నాడు దేవిదాసు. పెళ్లాన్ని మీరని పిలవడం అదే మొదటిసారి.

"ఎవలు? నేనా? వేల్పూర్ల. పెండ్లికి వచ్చినవ్ గదా, యాది లేదా?"

"అయితే బయటోళ్లకిందికి వస్తరు. కఫీల్ ఎవరు?"

"నువ్వే."

"ఆఫీసరు కఫీల్ ఉండరాదు. రూల్ ఒప్పుకోదు" అన్నాడు దేవిదాసు. అన్నాక అతనికే భయమేసింది. నోట్లోంచి వచ్చింది తన గొంతు కాదు, ఎన్నో కౌంటర్ల వెనకాల విన్న గొంతు.

రజని ట్రాలీ దిగింది. "మంచిది సార్. తమరు యాడ పుట్టినరు?"

"ఈడనే. ఇంకేడ?" అన్నాడు ఛాతీ విరుచుకుని.

గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని లైన్లో నిలబడ్డ అతని తల్లి నర్సవ్వకు ఆ మాట వినపడింది. "ఈడ ఏడిదిరా కొడుకా! జక్రాన్‌పల్లిల పుట్టినవ్. తొలిచూలు తల్లిగారింటికాడనే గదా జేసేది. మా అవ్వనే నీకు మొదటి తానం వోసింది" అంది ముచ్చటగా.

తొలి కాన్పు పుట్టింట్లో చేయడం మా దగ్గర ఎప్పటి నుంచో ఉన్న ఆచారం. అంటే పేటలో ప్రతి ఇంటి పెద్ద సంతానమూ బయటే పుట్టింది. కోడళ్లు ఎలాగూ బయటివాళ్లే. ఆ నిజం అందరికీ ఒక్కసారే తట్టింది. ఒకడు తన అన్నను వేలు పెట్టి చూపిస్తూ "నువ్ బయటోనివిరో, పొలం నాదే!" అని అరిచాడు. ఇద్దరూ అక్కడికక్కడే కలబడ్డారు.

"మరి మన చైర్మన్ సాబు?" అన్నారెవరో.

"లింగన్న మెండోరల పుట్టిండు. నేను జూడనీకె గూడ వొయిన, మస్తు ఏడ్శేటోడు" అంది నర్సవ్వ.

లింగన్న ముఖం మాడిపోయింది. అయినా నాయకుడు కదా, క్షణంలో తేరుకుని "పెద్ద కొడుకులకు స్పెషల్ కేటగిరీ!" అని ప్రకటించాడు. "మరి పెద్ద బిడ్డలకు?" అని కూలీ ఆడవాళ్లు నిలదీశారు. లింగన్నకు ఎన్నికలు గుర్తొచ్చి, అర్జెంటు పని కూడా గుర్తొచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు.

రజని గొడవ పడలేదు. గేటు అవతలే మూడు రాళ్లు పెట్టి పొయ్యి ముట్టించింది. "బయటోళ్లం గదా, బయటనే ఉంటం. అత్తమ్మా, నువ్వు గూడ రా, నువ్వూ బయటిదానివే" అంది. నర్సవ్వ గడ్డిమోపు కొడుకు బల్ల మీద పడేసి బొంగు దాటింది. పొద్దుగూకే వేళకు పేటలోని కోడళ్లందరూ ఎవరి గిన్నెలు వాళ్లు పట్టుకుని బయటికి వచ్చేశారు. వాళ్లంతా ఆర్మూర్ వైపు రోడ్డు పక్కన ముఠావాళ్లతో కలిసి జొన్నరొట్టెలు కాల్చుకున్నారు, చేపల పులుసు పెట్టుకున్నారు. రంజిత్ ముఠాలోని ఆడవాళ్లు పాటలు కూడా అందుకున్నారు.

లోపల మిగిలినవాళ్లు రెండో కొడుకులు, స్పెషల్ కేటగిరీ పెద్ద కొడుకులు. వాళ్లకు పొయ్యి ముట్టించడం కూడా రాదు. ఒకరోజు అరటిపళ్లతో గడిచింది, ఇంకోరోజు మిక్చర్‌తో. బొంగుకు ఇటు పక్క కూర్చున్న దేవిదాసుకు పులుసు వాసన సరిగ్గా ముక్కు కిందికి వచ్చేది. గల్ఫ్‌లో ఉన్నప్పుడు కూడా ఇంటి పులుసు ఇంత దూరం అనిపించలేదు. అప్పుడు రజని ఫోన్లోనైనా మాట్లాడేది. ఇప్పుడు నాలుగు అడుగుల దూరంలో కూర్చుని అతని వైపు చూడటం కూడా మానేసింది.

కమిటీ మళ్లీ కూర్చుంది. గేటు తీసేస్తే కూలీల దగ్గర పరువు పోతుంది, ఉంచితే కడుపులో పేగులు ఊరుకోవు. లింగన్నకు చటుక్కున ఉపాయం తట్టింది. "గేటు మనకెందుకు? ప్రైవేటుకిద్దాం. వేలం ఏద్దాం. మంచయినా చెడ్డయినా కంట్రాక్టరును తిడ్తరు" అన్నాడు. పాట పాడేది లింగన్న బావమరిది మనీషే అని అందరికీ తెలుసు. బయటివాళ్లు దూరకుండా లింగన్న మైకులో ఇంకో ముక్క కలిపాడు: "పేటల ఇల్లు తన పేరు మీదున్నోళ్లే పాట పాడాలె!"

వేలం గేటు దగ్గరే పెట్టారు. మనీష్ కొత్త చొక్కా వేసుకొచ్చి పాట మొదలుపెట్టాడు. గేటు అవతల నుంచి రజని చెయ్యెత్తింది.

"నువ్వు బయటిదానివి!" అన్నాడు లింగన్న.

"బయట పుట్టిన. ఇల్లు మాత్రం లోపలనే ఉంది, నా పేరు మీదుంది. మనీష్ తమ్మీ, నీ ఇల్లు ఎవరి పేరు మీదుంది?"

మనీష్ గేటు అవతలికి చూశాడు. సర్కారు ఇచ్చిన ఇళ్లన్నీ ఆడవాళ్ల పేరు మీదే ఇచ్చింది. అతని భార్య గేటు అవతల రొట్టె తింటూ నవ్వుతోంది. మగవాళ్లందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. లింగన్న రెండంతస్తుల మేడ కూడా ఎన్నికల లెక్కలకు భయపడి భార్య పేరు మీదే రాయించాడు. ఆమె కూడా అవతలే ఉంది. గేటు అవతలి ఆడవాళ్లంతా ఉన్న మహిళా సంఘం తరఫున రజని పాడిన పాటకు పోటీయే లేకపోయింది. కమిటీ వేలంలో పాట ఖాయమైందంటే మరి తిరుగులేదు. లింగన్న బల్ల మీద మూడుసార్లు కొట్టాడు.

ఆ రాత్రి ఆడవాళ్లందరూ ఇళ్లకు వచ్చారు. రజని కూడా వచ్చింది, కంచంలో అన్నం పెట్టి బీడీల చేట ముందేసుకుంది. దేవిదాసు పొద్దున్నే లేచి చేనుకు పోయి బొటనవేలితో మన్ను పొడిచి చూశాడు. వేలు నొప్పి పుట్టింది గానీ మన్ను కదల్లేదు. పసుపు ఇంటికి తేవడం తన చేతుల్లో పెట్టింది రజని, తను దాన్ని బొంగుకు కట్టి కూర్చున్నాడు. అంతలోనే ఏజెంటు ఫోన్: ఇవాళ పాస్‌పోర్టు ఇవ్వకపోతే వీసా ఇంకొకరికి పోతుంది. దేవిదాసు ఇంటికి వచ్చి బీరువా తెరిచి పాస్‌పోర్టు జేబులో పెట్టుకున్నాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. ముఖం కడుక్కుని బయల్దేరాడు.

గేటు దగ్గర అతని కుర్చీలో రజని కూర్చుంది. ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. బొంగు పైకి లేచే ఉంది. రంజిత్ ముఠా ఎప్పుడో లోపలికి పోయింది. పాలవాడు, మేకలు, స్కూలు ఆటో, ఎవరినీ ఏమీ అడగడం లేదు. దేవిదాసు దగ్గరికి రాగానే మాత్రం బొంగు టక్కున కిందికి దిగింది.

"ఏడికి?" అంది తలెత్తకుండా.

"ఏజెంటు ఆఫీసుకు."

"ఏం పని?"

"పాస్‌పోర్టు ఇయ్యాలె."

"ఎన్నేండ్లకు?"

"రెండేండ్లంటున్నరు." జేబు తడుముకున్నాడు. "నువ్వే అన్నవ్ గదా, పసుపు ఇంటికి రాకుంటే పొమ్మని."

"అవ్, అన్న. పదేండ్లకెల్లి పోతున్న మనిషి ఈసారన్న నిలవడ్తడా అని జూసేతందుకు అన్న. నువ్ చేన్ల నిలవడక ఈడ నిలవడితివి."

"మన్ను గట్టివడ్డది రజనీ. పొద్దుగాల జూసిన. కొమ్ములు సగం ఇరుగుతయ్."

"ఇరగనీ. ఇరిగిన కొమ్ము పసుపు గాదా?"

వెనకాల లైను పెరుగుతోంది. మనీష్, ఇద్దరు కూలీలు, సంచి పట్టుకుని లింగన్న, అందరూ చెవులు రిక్కించారు.

రజని చేట పక్కన పెట్టింది. "తమరు జక్రాన్‌పల్లిల పుట్టినరు. అంటే బయటోళ్లు. బయటోళ్లు పేట దాటాలంటే కఫీల్ ఒప్పుకోవాలె. మీ కఫీల్ ఎవరు?"

దేవిదాసు లింగన్న వైపు చూశాడు. లింగన్న ఆకాశం వైపు చూశాడు.

"నువ్వే" అన్నాడు దేవిదాసు.

"కఫీల్ ఒప్పుకుంట లేదు."

ఎన్ని దేశాల్లో, ఎన్ని కౌంటర్ల దగ్గర ఎంతమంది కాదు పొమ్మన్నారో దేవిదాసుకు లెక్క లేదు. కాదు, పోకు అన్న మనిషి ఈమె ఒక్కతే. కళ్లు నిండిపోయి బొంగు మీది ఎరుపు తెలుపు కలిసిపోయాయి. జేబులోంచి పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టాడు. రజని దాన్ని చేటలో తునికాకు కింద దోపి, చేటను మళ్లీ ఒళ్లోకి లాక్కుంది.

"ఇగ జరుగు. చేనుకాడ రంజిత్ నీ గడ్డపార పట్టుకుని ఎదురుచూస్తున్నడు. నెక్స్టు ఎవరు? లింగన్న బావా, జర నాలుక సూపెట్టుండ్రి."